ముగింపు నిల్వ, ప్రారంభ నిల్వ కలవాలి: పాత కంప్యూటర్ నుంచి కొత్త కంప్యూటర్‌కి

(ఉయ్యూరులో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో పుస్తకాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య చాలామంది సభ్యులు మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు: "ఇంట్లో కంప్యూటర్ పాతబడింది, వేరేది కొన్నాం, అందులో ఉన్నవన్నీ దీన్లోకి తెచ్చుకోవడం ఎలాగండీ?" అడగడానికి కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఆ కంప్యూటర్ ఆగిపోదు గానీ, వైరస్‌ల నుంచి కాపాడే అప్‌డేట్లు మునుపటిలా రావు. పాత మిషన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు.

కంప్యూటర్ పిల్లలది, మనకెందుకులే అనుకోవద్దు. అందులో ఏమున్నాయో ఒక్కసారి చూడండి. పిల్లల మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ పత్రం, పొలం పాసుపుస్తకం నకలు, కుట్టుమిషన్ అప్పుకి పెట్టిన కాగితాలు, పచ్చళ్ళ వ్యాపారం లెక్క, పోయినవాళ్ళ ఫొటోలు. అప్పు మన పేరు మీదే ఉంది, సంతకం మనదే. ఆ కాగితం ఎక్కడుందో కూడా మనకి తెలిసుండాలి.

మన పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. పుస్తకం నిండితే ఏం చేస్తాం? ముగింపు నిల్వని కొత్త పుస్తకంలో ప్రారంభ నిల్వగా రాస్తాం. రెండూ కలిశాయో లేదో చూస్తాం. ఆ తర్వాతే పాతది బీరువాలో పెడతాం. కంప్యూటర్ దగ్గరా అదే పని.

మొదటిది, ఏమేం ఉన్నాయో రాసుకోవడం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, డి డ్రైవ్ అన్నీ తెరిచి చూడాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. తెర మీద కనబడే డెస్క్‌టాప్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. రిపేరు షాపులో "విండోస్ మళ్ళీ వేస్తాం" అంటే సి డ్రైవ్ తుడిచేస్తారని అర్థం. డెస్క్‌టాప్ మీదున్న ఫొటోలూ దాంతోపాటే పోతాయి. మిషన్ షాపుకి ఇవ్వకముందే నకలు తీసుకోవాలి.

రెండోది, తీసుకురావడం. ఎప్పుడూ కాపీ చేయండి, కట్ చేయకండి. కట్ చేశాక పెన్‌డ్రైవ్ పాడైతే రెండు చోట్లా ఉండదు. పెళ్ళి వీడియో ఎక్కకపోతే కంగారు పడొద్దు. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటాయి. ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలుని అది పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ముందున్నవి పోతాయి కనుక వాటిని వేరే చోట పెట్టుకున్నాకే చేయాలి. లెక్కల ప్రోగ్రామ్ లాంటివి కాపీ చేస్తే పనిచేయవు. అందులోనే ఉన్న బ్యాకప్ తీసుకుని, కొత్తదాన్లో ప్రోగ్రామ్ మళ్ళీ వేయించి, బ్యాకప్‌ని రీస్టోర్ చేయాలి.

మూడోది, సరిచూడటం. పాత ఫోల్డర్ మీదా కొత్త ఫోల్డర్ మీదా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ళు ఎన్ని, సైజు ఎంత, రెండు చోట్లా ఒకటే రావాలి. తర్వాత పదో పదిహేనో ఫైళ్ళు తెరిచి చూడాలి.

తెలుగులో కొట్టిన ఉత్తరం తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనబడొచ్చు. ఫైలు పోయిందని చెరిపేయకండి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టినవి ఆ ఫాంట్ లేని మిషన్లో అలాగే కనబడతాయి. పాత కంప్యూటర్లో ఉండగానే ప్రతి ఉత్తరాన్నీ పీడీఎఫ్‌గా కూడా దాచుకుంటే ఎక్కడైనా చదవొచ్చు. ఇకమీదట యూనికోడ్‌లో కొట్టమని అడగండి.

ఇంకో నకలు వేరే చోట ఉండాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండటం మనందరం చూశాం. అటువంటప్పుడు కంప్యూటరూ, పక్కన సొరుగులో పెట్టిన పెన్‌డ్రైవూ కలిసే మునుగుతాయి. ఒక నకలు పుట్టింట్లోనో అక్కయ్య దగ్గరో పెట్టండి. గూగుల్ ఖాతాలో 15 జీబీ దాకా ఉచితంగా దాచుకోవచ్చు. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖ జారీ చేసినట్టు వచ్చే పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నది మాత్రం నకలే.

చివరిది పాత మిషన్ సంగతి. నెల రోజులు కొత్తదాన్లో పనిచేసుకుని, ఏదీ తక్కువ కాలేదని తేలాకే దాన్ని వదలండి. డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన ఫైళ్ళు పూర్తిగా పోవు. తెలిసినవాళ్ళు బయటికి తీయగలరు. సంఘం లీడర్ల ఇళ్ళల్లో పదిమంది సభ్యుల ఆధార్, బ్యాంకు పుస్తకాల నకళ్ళు కూడా ఉంటాయి. అవి బయటపడితే నష్టపోయేది వాళ్ళు. అందుకని ‘రీసెట్ దిస్ పీసీ’లో అన్నీ తీసేయమని చెప్పి, సెట్టింగ్స్‌లో ‘క్లీన్ డేటా’ ఆన్ చేయాలి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. మిషన్ అసలు ఆన్ కాకపోతే హార్డ్‌డిస్క్ ఊడదీయించి మన దగ్గరే ఉంచుకుని మిగతాది అమ్ముకోవాలి.

గ్రామ సంఘాలకి మా మనవి ఒక్కటే. వచ్చే సమావేశంలో కంప్యూటర్ మార్చబోయే సభ్యుల పేర్లు రాసుకోండి. ఒక్కరే కూర్చోకుండా ఇద్దరిద్దరు కూర్చుని చేయండి. ఒకరు కాపీ చేస్తే ఇంకొకరు లెక్క చూస్తారు. చదువుకున్న పిల్లల సాయం తీసుకోండి, పాస్‌వర్డ్ మాత్రం మీకూ తెలిసుండాలి.