సంతకం పెట్టని జామీనుదారు

(ఢిల్లీలోని మన కార్యాలయంలో తెలుగు ఉద్యోగుల పుస్తక పరిచయ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నెలకొకరు తాము చదివిన ఒక పుస్తకం గురించి మాట్లాడాలన్నది మనం పెట్టుకున్న నియమం. నాకు ముందు మాట్లాడినవారు జీవిత చరిత్రలు తెచ్చారు, ఆర్థిక శాస్త్రం తెచ్చారు. నేను భయపెట్టే నవల తెచ్చాను. అదీ సముద్రం ఒడ్డున జరిగే కథ. సముద్రం జాడే లేని ఈ ఊళ్ళో ఇదెందుకని మీరు అడగవచ్చు. అప్పులిచ్చి, హామీలు తీసుకుని, షరతులు చదివి వినిపించే ఉద్యోగం చేసేవాళ్ళకు ఈ పుస్తకం ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే తెచ్చాను.

నవల పేరు ‘ది లోనీ’. రచయిత ఆండ్రూ మైకేల్ హర్లీ, ఇంగ్లండు దేశస్థుడు. అంతకు ముందు కథల సంపుటాలు వేశాడు కానీ నవలగా ఇదే మొదటిది. 2014లో టార్టరస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ దీన్ని 300 ప్రతులు మాత్రమే వేసింది. మన ఒక్క ప్రాంతీయ కార్యాలయానికి పంచినా చాలని సంఖ్య అది. చదివినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. మరుసటి ఏడు జాన్ మరే అనే పెద్ద సంస్థ మళ్ళీ అచ్చు వేసింది. తొలి నవలకిచ్చే కోస్టా అవార్డు 2015 సంవత్సరానికి దీనికే వచ్చింది.

ఇక కథ. చివర ఏమవుతుందో చెప్పను, చదవబోయేవారు నన్ను తిట్టుకోకూడదు. మొదటి పేజీల్లో రచయితే బయటపెట్టినంత వరకు చెబుతాను.

1970లలో లండన్‌లోని ఒక కేథలిక్ కుటుంబం. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు హానీ. వాడికి మాట రాదు, బుద్ధి ఎదగలేదు. చిన్నవాడే మనకు కథ చెప్పేవాడు. అన్నకేం కావాలో సైగల్లోనే గ్రహించి చూసుకునేది ఆ తమ్ముడే. పిల్లలు తల్లిని ‘మమ్మర్’ అంటారు. ఆమెకు ఒకటే కోరిక: పెద్దవాడికి మాట రావాలి. ఈస్టర్ పండుగకు వాయవ్య ఇంగ్లండులోని ఒక నిర్మానుష్యమైన తీరానికి తీర్థయాత్ర వెళ్ళడం వాళ్ళ అలవాటు. అక్కడ సెయింట్ ఆన్ పేరిట ఒక పుణ్యస్థలం, అందులో తీర్థం ఉన్నాయి. ఆ నీళ్ళు తాగిస్తే కొడుకు బాగుపడతాడని తల్లి విశ్వాసం. ఆ తీరం పేరే లోనీ. దానికెదురుగా కోల్డ్‌బారో అనే చిన్న దిబ్బ. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే దానిమీదికి నడిచి వెళ్ళగలం. దానిమీద ఒక పాత ఇల్లు. ఊరివాళ్ళు దాని గురించి మాట్లాడరు.

దశాబ్దాలు గడిచాయి. ఇప్పుడు హానీ మాట్లాడుతున్నాడు. పెళ్ళయింది, పిల్లలున్నారు, మతబోధకుడయ్యాడు. పుస్తకం కూడా రాశాడు. అంటే తల్లి కోరిక తీరింది. అదే రోజుల్లో గాలివానకు కోల్డ్‌బారో మీద మట్టి విరిగిపడితే కింద ఒక పసికందు ఎముకలు బయటపడ్డాయి. టీవీలో ఆ వార్త చూసిన తమ్ముడు వణికిపోయి మనకు కథ చెప్పడం మొదలుపెడతాడు.

ఇంతే. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చూడగానే మనకు గుండె ఝల్లుమంటుంది. ఒకచోట ఒక పిల్లవాడికి మాట వచ్చింది. ఇంకోచోట ఒక పసిబిడ్డ ఎముకలు దొరికాయి. ఈ రెంటికీ సంబంధమేమిటి? నవలంతా ఆ ఒక్క ప్రశ్న.

హర్లీ ఊహించిన తీరం మోర్‌కంబ్ అఖాతానికి దగ్గర్లోదే. అక్కడి సముద్రం గురించి కొంచెం చెప్పాలి. ఆటు సమయంలో నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కి పోతాయి. చూస్తే ఎండిన నేలలా ఉంటుంది. పోటు మొదలైతే మనిషి పరిగెత్తినా తప్పించుకోవడం కష్టం. నడుమ ఊబి నేలలు. అందుకే ఆ ఇసుక మీదుగా జనాన్ని దాటించడానికి 16వ శతాబ్దం నుంచి రాజు తరఫున ఒక అధికారిక మార్గదర్శి ఉంటున్నాడు. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గుల్లలు ఏరుతున్న చైనా వలస కూలీలు పోటులో చిక్కుకుని కనీసం 21 మంది చనిపోయారు.  ఆ ఏడాదే బ్రిటన్ పార్లమెంటు అలాంటి పనులకు కూలీలను కుదిర్చే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. లాభం ఒకరిది, చావు మరొకరిది. నవలలోని చీకటి ఆ ఊహా తీరానికే పరిమితం కాదని ఈ సంఘటన చెబుతుంది.

మనది బందరు. సముద్రం ఎంత మోసం చేయగలదో మాకు ఎవరూ పుస్తకం ఇచ్చి నేర్పనక్కరలేదు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానుకు ఆ ఒక్క ప్రాంతంలోనే దాదాపు 30 వేల మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనకు కనీసం 10 వేల మంది బలయ్యారు. ఐదు మీటర్ల ఎత్తున నీళ్ళు ఊళ్ళ మీదికి వచ్చాయి. ‘ఉప్పెన’ అన్న మాటకు మా పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవారు. ఇంత సముద్రం, ఇంత భయం ఉన్న జాతికి సముద్రపు భయం మీద గుర్తుండిపోయే నవలలు ఇంకా ఎన్నో రావాలి. ఈ గదిలో భీమిలి వాళ్ళున్నారు, కాకినాడ వాళ్ళున్నారు, చీరాల వాళ్ళున్నారు. ఎవరైనా మొదలుపెడతారేమోనని ఆశ.

మళ్ళీ మమ్మర్ దగ్గరికి వద్దాం. నవలలో నన్ను భయపెట్టింది కోల్డ్‌బారో మీది ఇల్లు కాదండీ, ఆ తల్లి. ఆమె దుర్మార్గురాలు కాదు. కొడుకంటే ప్రాణం. కానీ దేవుడికి కూడా గడువు పెడుతుంది. ఈ ఈస్టర్‌కే బాగుపడాలి. ఉపవాసాలు తప్పకూడదు, ప్రార్థనలో ఒక్క మాట తప్పకూడదు, నీళ్ళు మింగనంటే బలవంతంగా అయినా తాగించాలి. ఆ పిల్లవాడికేం కావాలో ఆమె ఒక్కసారీ అడగదు.

మన ఢిల్లీలోనే ఇలాంటి కోరికలను కళ్ళతో చూడాలంటే ఒక గురువారం సాయంత్రం క్రికెట్ స్టేడియం పక్కనున్న ఫిరోజ్ షా కోట్లాకు వెళ్ళండి. 1354లో ఫిరోజ్ షా తుగ్లక్ కట్టిన కోట. ఆ శిథిలాల్లో జిన్నులుంటాయని నమ్మకం. హిందువులూ ముస్లింలూ కూడా వస్తారు. దీపాలు, అగరొత్తులు పెట్టి గోడ గూళ్ళల్లో ఉత్తరాలు ఉంచుతారు. వాటిని చూస్తే మన కళ్ళకు బాగా తెలిసిన వస్తువే: దరఖాస్తు. పేరు, చిరునామా, సమస్య, కొన్నిటికి పాస్‌పోర్టు సైజు ఫొటో. ఒకే అర్జీని జిరాక్సులు తీయించి నాలుగైదు గూళ్ళలో పెట్టేవారున్నారు. ఒక కౌంటర్‌లో పని కాకపోతే ఇంకో కౌంటర్‌లో అవుతుందని. నాకు నవ్వు రాలేదు. అన్ని తలుపులూ తట్టి వచ్చినవాళ్ళు రాసిన కాగితాలవి.

మా పెద్దమ్మ అలాంటి అర్జీలు ఎన్నో పెట్టింది. మా అన్నయ్యకు పుట్టుక నుంచి మాట లేదు. ఎవరు ఏ ఊరి పేరు చెప్పినా వాణ్ణి చంకనేసుకుని వెళ్ళింది. ఇంట్లో కిటికీ గూట్లో చిన్నచిన్న సీసాల నిండా తీర్థాలుండేవి. ఏ సీసా ఏ ఊరిదో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నయ్యకు ఇప్పుడు యాభై దాటాయి. మాట రాలేదు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు, చేతి పని బాగుంటుందని బజారంతా వాడి దగ్గరికే వస్తుంది. ఈ కథలో అందరూ అన్నయ్యనీ పెద్దమ్మనీ చూస్తారు. ‘ది లోనీ’ చదివాక నాకు మా అక్క గుర్తొచ్చింది. వాడికన్నా నాలుగేళ్ళు పెద్దది. పెద్దమ్మ ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో వంట అక్కది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఫీజుకని దాచిన డబ్బు ఒక స్వామి చేయించిన హోమానికి వెళ్ళింది. అక్క కాలేజీ గడప తొక్కలేదు. ఎప్పుడూ ఆ మాట ఎత్తదు కూడా.

మనం ఒకరికి రుణం ఇస్తే జామీనుదారు చేత సంతకం పెట్టిస్తాం. ఆయనకు షరతులు చదివి వినిపిస్తాం. అప్పు తీరకపోతే నీ మీదికి వస్తుందయ్యా అని ముందే చెబుతాం. అద్భుతాలు అమ్మేవాళ్ళ దగ్గర ఆ కాగితం ఉండదు. అక్కడ కూడా ఒక జామీనుదారు ఉంటాడు, సంతకం మాత్రం పెట్టడు. అసలు తనను జామీను పెట్టారనే తెలియదు. నవలలో ఆ జామీనుదారు ఎవరో చివరికి తెలుస్తుంది. మా ఇంట్లో అక్క.

ఇది పరాయి దేశపు ఆలోచన అనుకోకండి. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు రాత్రి పూట ఆ పత్రికను బోర్లించి పెట్టి పడుకున్నవాళ్ళు ఈ గదిలో ఉన్నారు, చేతులెత్తమని అడగను. అందులో కాష్మోరాను అందరూ గుర్తుపెట్టుకున్నారు. కానీ దాని వెనకున్నది ఆస్తి. పెద్దవాళ్ళ డబ్బాశకు ఏమీ తెలియని ఒక పసిపిల్ల శరీరం జామీను. యండమూరి గారు చార్టర్డ్ అకౌంటెంటు. రాష్ట్ర ఆర్థిక సంస్థలోను, తర్వాత ఆంధ్రా బ్యాంకులోను ఉద్యోగం చేశారు. ఆ బ్యాంకు 1923లో పుట్టింది మా బందరులోనే. పట్టికలూ పూచీకత్తులూ తెలిసిన మనిషి రాసిన భయం కనుకనే అందులో లెక్క ఉంటుందని నాకనిపిస్తుంది. ఎవరి లాభానికి ఎవరు చెల్లిస్తున్నారు అన్న లెక్క.

ఇది నా రోజువారీ పనికి ఎలా పనికొచ్చిందో చెప్పి ముగిస్తాను. ఘాజియాబాద్‌లో ఒక శాఖలో ఉండగా ఒక మధ్యాహ్నం ఒకావిడ నాలుగు బంగారు గాజులు తెచ్చి బంగారు రుణం కావాలన్నది. పక్కనే ఏడెనిమిదేళ్ళ కూతురు కౌంటర్ అంచున నోట్‌బుక్ పెట్టుకుని హోంవర్క్ చేసుకుంటోంది. రుణం దేనికంటే గృహావసరాలకన్నది. ఫారంలో రాసుకోవడానికి ఆ మాట చాలు. గాజులు తూకం వేసేలోపు ఆవిడే చెప్పింది. కొడుకు ఆరేళ్ళవాడు, మాట రాలేదు, ఒక బాబా నలభై రోజుల పూజ చేస్తానన్నాడు, మొత్తం ఒకేసారి కట్టాలన్నాడు. వద్దని చెప్పే హక్కు నాకు లేదు. బంగారం ఆవిడది, నమ్మకం ఆవిడది. టీ తెప్పించాను. మూడు ప్రశ్నలు అడిగాను. పూజకు రసీదు ఇస్తారా? తగ్గకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? ఈ గాజులు పోతే ఇంట్లో ఎవరి పని ఆగుతుంది? మూడో ప్రశ్నకు ఆవిడ కూతురి వైపు చూసింది.

తర్వాత నాకు తెలిసినవి ఒక కాగితం మీద రాసిచ్చాను. ముందు ప్రభుత్వాసుపత్రిలో వినికిడి పరీక్ష. దివ్యాంగులకిచ్చే యూ.డి.ఐ.డి. కార్డు. 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు దాని కింద వస్తాయి. మాటల శిక్షణ, అంటే స్పీచ్ థెరపీ ఖర్చుకు కూడా వర్తిస్తుంది. ఆవిడ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. నాలుగు గాజుల్లో రెండు మాత్రం తాకట్టు పెట్టింది. రెండు చేతికి తొడుక్కుని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఆ రెండు గాజులు నేను ఆపగలిగానని చెప్పను. ఆవిడే ఆపుకుంది.

మిత్రులారా, మన కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు మమ్మర్‌లుంటారు. తెగించి వస్తారు. వాళ్ళను మూఢులని చులకన చేయడం తేలిక. ‘ది లోనీ’ ఆ పని చేయదు. ఆ తల్లి బాధను పూర్తిగా నమ్మనిచ్చి, ఆ బాధకు ఇంకెవరు చెల్లించారో చివర్లో నెమ్మదిగా చూపిస్తుంది. భయం అక్కడ పుడుతుంది. పుస్తకం మూసేశాక కూడా పోదు. దరఖాస్తు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ దాని మీద లేని ఆ రెండో పేరు కోసం వెతకడం నాకు దానివల్లే అలవాటైంది.

నవల మన పఠన వేదిక అలమరలో పెట్టాను. ఒక్కటే ప్రతి. రాత్రి పూట చదివేవారు ముందే పేరు రాసి తీసుకెళ్ళండి. ఆ రిజిస్టర్‌లో మాత్రం సంతకం తప్పనిసరి.