మోటుపల్లి అభయము – బర్మా మినుములు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



వర్తకుల సభలో వర్తకమునుగూర్చి ఒక బడిపంతులు మాటలాడుట తాతకు దగ్గు నేర్పినట్లుండును. ముప్పదిరెండేండ్లు శబ్దమంజరియు, రఘువంశమును చెప్పుకొని బ్రతికినవాడను. త్రాసు పట్టి యెరుగను. అయినను దేశముల యెల్లలు దాటు వ్యాపారమునుగూర్చియు, రాకపోకలనుగూర్చియు నన్నే మాటలాడుమని కార్యదర్శిగారు కోరుటకు ఒక కారణము కలదు. నేను రంగూనులో పుట్టినవాడను.

మా తాతగారు కాకినాడలో ఓడనెక్కి రంగూను చేరి, అచట పప్పుధాన్యముల అంగడి పెట్టిరి. అప్పుడు రెండు దేశములకును ప్రభుత్వమొక్కటే. బర్మా వేరుపడినది 1937 ఏప్రిల్ 1వ తేదీన. 1931 జనాభా లెక్కలనుబట్టి ఆ దేశమున భారతీయులు పదిలక్షలకు పైబడియుండిరి. రంగూను నగరములోనైతే సగమునకు మించి మనవారే. 1942లో జపానువారి దండయాత్రకు వెరచి లక్షలమంది అడవిదారిని నడచి వచ్చిరి. మా తాతగారు అంగడిని విడువలేక నిలిచిపోయిరి.

1964 మార్చిలో అచటి సైనిక ప్రభుత్వము అంగళ్లను తన వశము చేసికొనెను. మే నెలలో ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవని చాటించెను. మా తండ్రిగారు దాచుకొన్నవి నూరు క్యాట్ల నోట్లే. బిస్కత్తుల డబ్బాలో ఉండెడివి. రేవులో తనిఖీ చేసినవారు మా అమ్మగారి మంగళసూత్రమును సైతము ఊడ్పించిరి. నాకప్పుడు అయిదేండ్లు. పసుపుకొమ్ము కట్టిన దారముతో ఆమె విశాఖపట్టణమున ఓడ దిగుట నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. అట్లు వచ్చినవారి గుర్తుగానే కంచరపాలెమున బర్మా క్యాంపు అను పేట నిలిచియున్నది.

జాలి పుట్టించుటకై దీనిని చెప్పుటలేదు. మా తండ్రిగారు పన్నులనుగూర్చి సణిగినవారు కారు. "ఇంత కట్టుమన్న కట్టుదుము. రాత్రికి రాత్రి మార్చిన వర్తకుడు ఏమి కావలెనురా?" అనుచుండెడివారు. నేడు నేను చెప్పదలచినదంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

ఈ ప్రశ్నకు మన తెలుగుగడ్డపైననే ఒక రాజు సమాధానము చెప్పియున్నాడు. బాపట్ల జిల్లా చినగంజాము మండలమున మోటుపల్లి యను గ్రామము కలదు. నేడు అది ఒక చిన్న పల్లె. నాడు కాకతీయుల మహారేవు. అచట వీరభద్రాలయమున గణపతిదేవ చక్రవర్తి శాసనస్తంభమున్నది. శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244. అంతకుముందు గాలివానకు పగిలి ఒడ్డునపడిన ఓడలోని సరకునంతయు రాజులు బలిమిని లాగుకొనెడివారు. బంగారమేమి, ఏనుగులేమి, గుఱ్ఱములేమి, అన్నియు రాజువే. ప్రాణమునకైన తెగించి కడలి దాటి వచ్చినవారిపై కనికరించి, నియమితమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని గణపతిదేవుడు వ్రాసియిచ్చెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, మిరియములు, పోకలు అని సరకుల పేర్లుకూడ చెక్కించెను.

విద్యార్థులకు ఈ శాసనమును చెప్పునపుడు 'దయ' యను మాటయొద్ద వారు ఆగెడివారు. నేను ఆ పట్టికయొద్ద ఆగెడివాడను. దయ రాజుతో పోవును. రాతిమీది పట్టిక వచ్చిన ప్రతివాడును చదువుకొనవచ్చును. (సంస్కృతపు శుల్కమే మన నోట సుంకమైనది, మాట మెత్తబడినంతగా ఆ పని మెత్తబడినట్లు తోచదు.) కాకతీయ రాజ్యము పడిపోయిన పిదప 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరల అభయమిచ్చెను. వచ్చిన వర్తకుడు తన యిష్టమున్నపుడు వెడలిపోవచ్చుననియు, తనకు నచ్చినవారికి సరకు నమ్ముకొనవచ్చుననియు దాని తాత్పర్యము. పరదేశపు సరకును తెచ్చువారికి రాజు అనుగ్రహము చూపవలెనని కౌటిల్యుడు అంతకు ఎంతయో ముందే అర్థశాస్త్రమున విధించియున్నాడు. కనుక ఇది పడమటివారియొద్ద మనము నేర్చిన క్రొత్త పాఠము కాదు.

ఇక నేటి సంగతి. మన గారెలకు, ఇడ్డెనలకు, సున్నియుండలకు కావలసిన మినుములలో మన పంట చాలనపుడు బర్మా, అనగా నేటి మ్యాన్మార్, మనకు ముఖ్యాధారము. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో మన రైతు మినుములు చల్లునట్లే, ఐరావతీ డెల్టాలో అచటి రైతు కార్తిక మాస ప్రాంతమున చల్లును. అచటివారు మినుములను తినుట మిక్కిలి తక్కువ. ఆ పంట ప్రధానముగా మనకొరకే పండును. ఇట్టిచోట 2017 ఆగస్టు 5వ తేదీన మన ప్రభుత్వము కందుల దిగుమతికి ఏడాదికి రెండులక్షల టన్నుల హద్దు పెట్టెను. అదే నెల 21న మినుములకును, పెసలకును కలిపి మూడులక్షల టన్నుల హద్దు పెట్టెను. అచటి రైతు పంట తీసి చాల నెలలైనది. మనము తలుపు మూసిన అతనికి కొనువాడు మరియొకడు లేడు. మన వర్తకులలో ఎందరు ఫోనుమాటపై ఒప్పుకొన్న సరకునకు చిక్కుపడిరో ఈ సభలోనివారికే తెలియును.

ప్రభుత్వము పక్షమునను న్యాయము లేకపోలేదు. ఆ యేడు మన దేశమున పప్పుధాన్యములు విరివిగ పండి ధరలు మద్దతుధరకంటె దిగజారినవి. తాండూరు కందిరైతు ఏడ్చుచుండగా పరదేశపు కందులను ఓడలలో దింపుడని నేనెట్లనగలను? నేననునది వేరు. రైతును కాపాడుటకు సుంకమున్నది, దానిని పెంచుకొనవచ్చును. ఆ పెంపును విత్తుటకుముందే, శ్రావణములోనే, రెండు దేశముల రైతులకును వినబడునట్లు చాటవలెను. పంట గాదెలకు చేరినపిదప పరిమాణమునకు హద్దు పెట్టుట ఓడ పగిలినపిదప సరకు లాగుకొనుటవంటిదే.

2021లో ఆ హద్దు తీసివేసి, ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల మినుములును, లక్ష టన్నుల కందులును అయిదేండ్లు కొనుటకు మ్యాన్మార్‌తో ఒడంబడిక చేసికొనిరి. ఇది మెచ్చదగిన పని. అయిదేండ్ల మాట వర్తకునకు అయిదేండ్ల నిద్ర. అచటి నేటి ప్రభుత్వమును నేను సమర్థించుటలేదు. 2021 ఫిబ్రవరిలో సైనికులు అధికారము లాగుకొనినారని నాకు తెలియును, అట్టివారి చేతి చలువ మా యింటివారు ఎరుగుదురు. కాని పొలమున మినుములు చల్లినది సైన్యము కాదు.

నేలదారి గతి మరింత చింతింపదగినది. మన కిరుదేశముల సరిహద్దు 1,643 కిలోమీటర్లు. మణిపురమున మోరే యను ఊరు దానికి గుమ్మము. 1960 తరువాతి కాలమున వెడలగొట్టబడిన తమిళ సోదరులు కొందరు నడచి మరల బర్మాకు పోజూచి, వెనుకకు మరలింపబడి అచటనే స్థిరపడిరి. 1994లో ఒప్పందమై 1995లో అచట సరిహద్దు వర్తకము మొదలైనది. మొదట 22 వస్తువులకే అనుమతి. 2018లో ప్రవేశపత్రముతో నేలదారిని దాటుటకు ఏర్పాటయ్యెను. 2020లో మహమ్మారి దానిని మూసెను. సరిహద్దు కిరువైపుల పదునారు కిలోమీటర్లవరకు స్థానికులు స్వేచ్ఛగా తిరుగు పద్ధతిని ఎత్తివేయుదుమని 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి. ఆ సంవత్సరాంతమున పది కిలోమీటర్లకు కుదించి చీటీపద్ధతి పెట్టిరి. ఆయుధములను, మాదకద్రవ్యములను అడ్డవలదని ఎవరందురు? గుమ్మమున కావలివాడుండవలసినదే. అయితే ఎవరిని, ఏ గంటకు, ఏ చీటీతో విడుచునో ఆ కావలివానికైన నిలుకడగ తెలియవలెను గదా!

మా మేనత్తగారు మౌల్మీనులో మెట్టినందున 1964లో అచటనే ఉండిపోయిరి. 2006లో మా తండ్రిగారికి సహస్రచంద్రదర్శన మహోత్సవము జరిపితిమి. తమ్ముని చూడవలెనని ఆమె అయిదు నెలలు ముందుగ దరఖాస్తు పెట్టిరి. అనుమతి వచ్చునప్పటికి ఉత్సవమై పదునొకండు దినములు గడచినవి. ప్రయాణపు సన్నాహములో ఆమె జబ్బుపడిరి. మరుసటి యేట మా తండ్రిగారు గతించిరి. నలువది రెండేండ్లు వారు ఒకరి నొకరు చూడలేదు. కాదనినవారు ఎవ్వరును లేరు, ఇన్నిదినములలో తేల్చవలెనని కట్టుబడినవారును లేరు.

కావున ఈ సభ ప్రభుత్వమునకు ఒక విన్నపము పంపవలెనని నా ప్రార్థన. పప్పుధాన్యముల సుంకమును విత్తుటకుముందే ప్రకటింపవలెను. ఒప్పుకొన్న సరకునకు, ఓడకెక్కిన సరకునకు పాత నియమమే చెల్లవలెను. పరదేశమున రక్తబంధువులు కలవారికి, వర్తకమునకై పలుమార్లు తిరుగువారికి కొన్నియేండ్లు చెల్లు ప్రవేశపత్రము నియ్యవలెను. దరఖాస్తునకు గడువు వ్రాసిపెట్టి, త్రోసివేసినచో కారణము వ్రాతమూలముగ తెలుపవలెను.

అడుగబోవుముందు ఒక మాట. 2015లో కందిపప్పు కిలో రెండువందల రూపాయలకు ప్రాకినపుడు గిడ్డంగులలో బస్తాలు దాచినవారిలో మనవారొక్కరును లేరని నేను ప్రమాణము చేయజాలను. రాత్రికి రాత్రి ధర మార్చువాడు, రాత్రికి రాత్రి నియమము మార్చవలదని ప్రభుత్వమును ఏ మొగముతో అడుగును? అందుచేత సంఘసభ్యులు తమ నిలువలను తామే మాసమునకొకసారి ప్రకటింతురను మాటనుకూడ ఆ విన్నపమున చేర్చితిని. కొందరు పోషకులకు ఇది రుచింపకపోవచ్చును. వారు నన్ను క్షమింతురుగాక.

చిత్తుప్రతిని కార్యదర్శిగారి చేతికిచ్చితిని. వంటశాలనుండి గారెల వాసన వచ్చుచున్నది గనుక ఇక మిమ్ము నిలువరింపను. మధ్యాహ్నపు సమావేశమున దానిని చర్చకు తీసికొనుడని మాత్రము కోరుచున్నాను.