ఎవరు పలకడం లేదు?

ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పూర్తిచేసుకున్న మీతో ఈ రోజు ఒక్క ఫాల్ట్ కోడ్ గురించి మాట్లాడతాను: యు0100. ఈసీయూ అనే ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్‌తో సంబంధం తెగిపోయిందని దాని అర్థం. స్కానర్ మీద ఇది కనబడగానే "ఈసీయూ పోయింది, మార్చాల్సిందే" అనే మాట తేలిగ్గా నోటికొస్తుంది. కానీ ఆ కోడ్ ఎవరి మెమరీలో ఉందో చూడండి. ఏబీఎస్ మాడ్యూలో, స్టీరింగ్ మాడ్యూలో తనకు రావలసిన సందేశం వేళకు రాలేదని రాసిపెట్టుకుంది. దానికి తెలిసింది అంతవరకే. మనం ఫోన్ చేసిన మనిషి అందుబాటులో లేరని వినిపిస్తే, ఆయనకు కొత్త ఫోన్ కొనిపెట్టం కదా. కోడ్ ఒక ఫిర్యాదు. దాన్ని తీర్పుగా చదివిన చోటే డబ్బూ, పరువూ రెండూ పోతున్నాయని నా వాదన.

ఈ వాదనకు ఆధారం మాడ్యూళ్లను కలిపే క్యాన్ బస్ నిర్మాణంలోనే ఉంది. బాష్ కంపెనీ 1986లో దీన్ని ప్రకటించింది. ఒకదానికొకటి మెలేసిన రెండు వైర్లు, వాటికి తగిలించిన మాడ్యూళ్లన్నీ అదే దారిలో మాట్లాడుకుంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు వైర్లలోనూ దాదాపు 2.5 వోల్టులు ఉంటాయి. సందేశం వెళ్లేటప్పుడు ఒకటి 3.5 వైపు ఎగబాకుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినేవాళ్లు చూసేది ఆ తేడానే. లైను రెండు చివర్లలో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి, స్కానర్ తగిలించే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర లైనులో లేనట్టు. సున్నాకు దగ్గరగా వస్తే వైర్లు రెండూ ఎక్కడో కలిసిపోయినట్టు. అప్పుడు మాడ్యూళ్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ మీటర్ చూడండి, ఏది తీస్తే అంకె లేస్తుందో లోపం ఆ కొమ్మలో ఉంది. (సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే ఉన్న బండిలో ఈ కొలత లోపలే తీసుకోవాలి, లేకపోతే మీటర్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.) ఇంకో విశేషం కూడా ఉంది. ప్రతి మాడ్యూలూ సందేశం పంపడంలో ఎదురైన పొరపాట్లకు లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఆ లెక్క 255 దాటితే, మిగతావారి మాటలకు అడ్డు రాకుండా తనంతట తానే లైను నుంచి తప్పుకుంటుంది. అంటే నోరు మూసుకున్న మాడ్యూల్ నిక్షేపంగా ఉండి, దాని వైరు పాడై ఉండవచ్చు. అందుకే ముందు హాజరు తీసుకోండి: స్కానర్‌కు ఎవరెవరు జవాబిస్తున్నారు, ఎవరు ఎవరి మీద చెబుతున్నారు. అందరూ ఒక్కరి మీదే చెబితే ఆ మాడ్యూల్‌కు వచ్చే ఫ్యూజు, ఎర్త్, ఆ కొమ్మ వైర్లు చూడాలి. ఒక్కరే అందరి మీదా చెబుతుంటే చెబుతున్నవారినే అనుమానించాలి.

షెడ్డులో బండి మీద బండి నిలబడి ఉంటే ఇంత తీరిక ఎవరికి ఉంటుందని మీరు అడగవచ్చు. కానీ కొత్త ఈసీయూ బిగించగానే పని అయిపోదు. దాన్ని ఆ బండికి ప్రోగ్రామ్ చేయాలి, చాలా బండ్లలో ఇమ్మొబిలైజర్‌తో జత కలపాలి. ఇంత చేశాక ఎర్త్ బోల్టు కింద తుప్పు అలాగే ఉంటే, కొత్తదీ పాతదానిలాగే మూగబోతుంది. ఆ తీరికలేనితనం వల్ల అదే బండి మళ్లీ మీ షెడ్డుకే వస్తుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: 60 ఓమ్‌లు సరిగ్గా వచ్చినా రోడ్డెక్కగానే లోపం తిరగబెట్టే బండ్ల సంగతేమిటి? న్యాయమైన ప్రశ్నే. ఆ కొలత నిద్రపోతున్న బండిది. వేడికీ కుదుపుకీ విడిపోయే లూజ్ కాంటాక్ట్ అప్పుడు దొరకదు. ఇంజిన్ నడుస్తుండగా హార్నెస్‌ను చేత్తో కదుపుతూ ఆసిల్లోస్కోప్‌లో అలలు చూడాలి. ఫ్యూజు దగ్గర 12 వోల్టులు చూపించిన వైరే, బల్బు తగిలించి కాస్త కరెంటు లాగితే చతికిలబడవచ్చు. లోపల ఒక్క పోగే మిగిలి ఉంటే అలాగే జరుగుతుంది. ఈ పరీక్షలన్నీ నెగ్గాక కూడా పలకని మాడ్యూల్‌ను నిస్సంకోచంగా మార్చండి. మాడ్యూళ్లు పాడవవని నేను అనడం లేదు, వాటి వంతు చివర్లో రావాలంటున్నాను.

ఇక కస్టమర్ సంగతి. సామాను మారిస్తే డబ్బిచ్చే మనిషి "చూసినందుకు కూడా చార్జీనా" అంటాడు. అందులో అతని తప్పు కొంతే, ఏం చూశామో మనం ఎప్పుడూ కాగితం మీద పెట్టకపోవడం మన తప్పు. మీరు రేపు షెడ్డు తెరిస్తే బిల్లులో పరీక్ష చార్జీకి ఒక వరుస అచ్చు వేయించండి. ఏ మాడ్యూళ్లు పలికాయి, ఎన్ని ఓమ్‌లు వచ్చాయి, ఎర్త్ దగ్గర ఎన్ని వోల్టులు పోతున్నాయి, అన్నీ దాని కింద చేత్తో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. మొదటి నెల బేరాలు తప్పవు.