తొంబదవ యేట ఒక ఇంజనీరు

ఉద్యోగము విరమించిన పెద్దలు వ్రాసికొన్న స్వీయచరిత్రలు మన దేశములో కొల్లలుగా వెలువడినవి. వాటిలో పలువురు తాము అధిష్ఠించిన పదవులను, పొందిన సన్మానములను ఏకరువు పెట్టినారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు తొంబది యేండ్ల వయస్సున, 1951లో, ప్రకటించిన జ్ఞాపకముల గ్రంథము ఆ కోవకు చెందినది కాదు. అందులో ఇంటి ముచ్చటలు బహు తక్కువ. కాలువలు, జలాశయములు, కర్మాగారములు, వాటి లెక్కలు ఎక్కువ. చదువబోయినవారికి మొదట ఇది చప్పగా తోచవచ్చును. కాని ప్రజల సొమ్ముతో ప్రజల పని చేసిన ఒక మనిషి తన జీవితమును ఏ కొలతతో కొలుచుకొన్నాడో ఆ చప్పదనమే చెప్పుచున్నదని మా అభిప్రాయము. ఆ కొలతను గూర్చియే ఈ ప్రసంగములో ముచ్చటింపదలచినాము.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమువారు. వారు మైసూరు సీమకు తరలిపోయినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచినది. ఆయన ముద్దేనహళ్ళిలో జన్మించి, బెంగుళూరులో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరినారు.

అచట నీరా కాలువ క్రింద ఆయన ఎదుర్కొన్న చిక్కు మన డెల్టా రైతులకు కొత్తది కాదు. కాలువ మొదట నున్నవారు చెరకునకు పుష్కలముగా నీరు పెట్టుదురు; శివారు భూములకు తడి అందదు. పైగా, మొదటి భూములు సైతము నీరు నిలిచి చెడిపోవును. ఆయన ఆయకట్టును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండములో నీరెక్కువ త్రాగు పైరును కొంత మేరకే అనుమతించి, పంటలను వంతులవారీగా మార్చు పద్ధతిని ప్రవేశపెట్టినారు. కాలువలోని నీరు అంతే, పంపకము మారినది.

పూనా సమీపమందలి ఖడక్వాస్లా జలాశయమునకు 1903లో ఆయన అమర్చిన తలుపులు దేశమంతట పేరు పొందినవి. నీరు నిండుమట్టమునకు రాగానే అవి తమంత తామే తెరచుకొనును. మట్టము తగ్గగానే మూసికొనును. ఆనకట్టను ఎత్తు చేయకయే ఎక్కువ నీరు నిలువ చేయుటకు వీలు కలిగినది. ఈ నిర్మాణమునకు పేటెంటు లభించినను, సర్కారు కొలువులో నుండి చేసిన పనికి ప్రతిఫలము తీసికొనుట తగదని ఆయన రాయల్టీని నిరాకరించినారు.

1908లో ఆయన ఆ ఉద్యోగము నుండి స్వచ్ఛందముగా విరమించుకొని ఐరోపా పర్యటనకు వెళ్ళినారు. విశ్రాంతికి మాత్రము నోచుకొనలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసినది. వేలాది ప్రాణములు పోయినవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయాబది మంది బ్రతికి బయటపడినారు. నిజాం ప్రభుత్వము పిలువగా విశ్వేశ్వరయ్యగారు 1909లో నగరమునకు వచ్చినారు.

ఆయన మొదట నగరమును విడిచి, ఎగువకు దృష్టి సారించినారు. నగరమునకు పైన 862 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతము. అందులో 788 చెరువులు, అనగా దాదాపు మైలునకొక చెరువు. ఆ కుంభవృష్టిలో వాటిలో 221 తెగిపోయినవని ఆయన లెక్క తేల్చినారు. గొలుసుకట్టు చెరువుల సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. పై చెరువు కట్ట తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై బడును, అదియు తెగును. వాన తెచ్చిన నీటికి తెగిన చెరువుల నీరు తోడై నగరముపైకి దూకినది.

ఇందుకు ఆయన చెప్పిన ప్రధాన నివారణోపాయము, నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయములు నిర్మించి వరదను అక్కడనే ఆపి మెల్లగా విడుచుట. ఇచట ఒక సూక్ష్మము కలదు. వరదను ఆపవలసిన జలాశయములో వరద వచ్చు వేళకు ఖాళీ ఉండవలెను. త్రాగునీరు కోరు నగరమునకు నిండు చెరువే ముద్దు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఏటేటా మెలకువతో చేయవలసిన పని.

ఆయన ఆ యేడే మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయినారు. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ఇతరుల చేతులమీదుగా పూర్తియైనవి. మైసూరులోనూ ఇదే తీరు. కావేరిపై కృష్ణరాజసాగరమును 1911లో ఆరంభించినప్పుడు, మద్రాసు ప్రభుత్వపు అభ్యంతరము వలన 80 అడుగుల ఎత్తునకే అనుమతి లభించినది. ఆయన 124 అడుగుల కట్టడమునకు చాలునంత పునాది వేయించినారు. పని 1931 ప్రాంతమునకు గాని ముగియలేదు. 1912 నుండి 1918 వరకు దివానుగా నుండిన ఆయన అప్పటికి ఆ పదవి విడిచి చాల కాలమైనది.

కావున ఈ ఇంజనీరు కొలత ఏది? తాను వెళ్ళిపోయిన పిమ్మట తన పని నిలుచునా, లేదా అన్నదే. 1955లో వచ్చిన భారతరత్నకంటె ఈ ప్రశ్నయే ఆయన జీవితమునకు సరియైన ముద్ర అని మేము తలచుచున్నాము. నూరేండ్లు నిండిన ఆయన 1962లో కన్నుమూసినారు. అంతకు ముందటి యేడే, 1961 జూలై 12న, ఎగువన పాన్‌షెట్ ఆనకట్ట తెగి, ఆ ఉరవడికి ఖడక్వాస్లా ఆనకట్టయు భగ్నమైనది. పూనా నగరము మునిగినది. ఒక చోటి కట్టడము ఎంత గట్టిదైనను పై కట్ట బలముపై ఆధారపడి ఉండునన్న మూసీ పాఠమే అచటను రుజువైనది.

ఆ పాఠము హైదరాబాదులోనూ పాతబడలేదు. 2020 అక్టోబరు భారీ వర్షములకు పల్లె చెరువు, గుర్రం చెరువుల కట్టలు తెగి బస్తీలు నీటిపాలైనవి. వందేండ్ల క్రిందట ఒక ఇంజనీరు తిరిగి, లెక్కించి, వ్రాసిపెట్టిన విషయమది. చెరువు శిఖములో ఇల్లు లేచిననాడు, వరద కాలువ పూడి వీధి యైననాడు, ఆ లెక్క మారిపోవును. వాన మాత్రము మన అనుమతి కోరదు.

పెద్ద జలాశయములను చూచుకొనుటకు శాఖలు గలవు. మన ఊరి చెరువునకు కట్ట గట్టిగా నున్నదా, తూము తెరచుకొనునా, అలుగు పారు త్రోవ విడిగా నున్నదా అన్న మూడు ప్రశ్నలు మాత్రము ప్రతి గృహస్థుడును వేయదగినవి. తొలకరికి ముందుగా ఒక సాయంకాలము కట్టమీదికి నడచి వెళ్ళినచో వాటికి జవాబు దొరకును.