కాటలోనియా పండుగలో మేము చూసింది

 

ధింసా బృందం అమ్మాయిల వెంట మేము వార్డెన్లం ఇద్దరం స్పెయిన్ దేశంలోని కాటలోనియాకు వెళ్లొచ్చాం. అక్కడి సంగతులు చెప్పమన్నారు. చూసింది చూసినట్టు చెబుతాం.

మేము వెళ్లేసరికి బార్సిలోనాలో లా మెర్సే పండుగ. ఏటా సెప్టెంబరు 24కు అటూ ఇటూ చేస్తారు. రాజు, రాణి బొమ్మలు రెండు నిలువుల ఎత్తున వీధుల్లో ఆడుతున్నాయి. ఒక్కో బొమ్మ లోపల ఒక మనిషి దూరి మోస్తున్నాడు. రాత్రి దయ్యాల వేషగాళ్లు నిప్పురవ్వలు చిమ్ముతూ వస్తుంటే మా పిల్లలు మా కొంగులు పట్టుకున్నారు.

మర్నాడు మనుషుల మీద మనుషులు నిలబడి గోపురం కట్టారు. దాన్ని కాస్తెల్ అంటారు. 2010లో యునెస్కో గుర్తింపు పొందిన ఆచారం. నడుముకు బిగించి చుట్టిన పొడవాటి గుడ్డే పైకెక్కేవాళ్లకు మెట్టు. కింద ఆడా మగా, ముసలీ ముతకా ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు. చివరికి హెల్మెట్ పెట్టుకున్న చిన్నపిల్ల కొసకెక్కి చెయ్యెత్తింది. అయిపోయిందనుకున్నాం. కాదట. అందరూ క్షేమంగా దిగితేనే పూర్తయినట్టు లెక్కట.

చర్చి ముందు సర్దానా ఆడుతుంటే మా అమ్మాయిలూ కలిశారు. సంచులు మధ్యలో కుప్ప పోసి, చేతులు పట్టుకుని వలయంగా ఆడతారు. ఎవరైనా కలవొచ్చు.

ఫ్రాంకో పాలనలో, 1939 నుంచి 1975 వరకు, వాళ్ల కాటలాన్ భాషకు బడిలో చోటు లేదు. ఇళ్లలో మాట్లాడి నిలుపుకున్నారు. ఇప్పుడు బళ్లలో పాఠాలు ఎక్కువగా ఆ భాషలోనే.

అది విని మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలని టీచర్ ట్రైనింగులో చదువుకున్నాం. హాస్టల్లో కువి మాట్లాడిన పిల్లను "తెలుగులో చెప్పు" అని గదమాయించిందీ మేమే. ఒక పాప రెండు నెలలు నోరు విప్పకపోతే మొద్దు అనుకున్నాం. దానికి భాష రాక కాదు, దాని భాష మాకు రాక.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు వంట చేసే అక్క కువిలో కథ చెబుతోంది. మేము తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు. ఆ పాప మమ్మల్ని దిద్దుతుంది.

పెద్దలకు ఒక్క మనవి. మోరి ఊదేవాళ్లు, పాటలు తెలిసిన అవ్వలు నెలకొక్క ఆదివారం హాస్టల్‌కు రండి. దారి ఖర్చు, భోజనం మేము చూసుకుంటాం. పిల్లలు పైకెక్కాలంటే కింద మన భుజాలు ఉండాలి.