దోమల స్టిక్కర్ ఒక్కటే చాలదు

వానాకాలం వచ్చింది. హైదరాబాద్‌లోని మల్లాపూర్, నాచారం వైపు చాలామంది తల్లులు బడికెళ్లే పిల్లల చొక్కాకు దోమల స్టిక్కర్ అంటించి పంపిస్తున్నారు. మరి అది పనిచేస్తుందా?

ఆ స్టిక్కర్‌లో సాధారణంగా ఉండేది నిమ్మగడ్డి జాతి నూనె, సిట్రొనెల్లా. వాసన గాలిలో కలిసినంతసేపే దాని పని. అదీ అంటించిన చోటు చుట్టుపక్కలే. చొక్కాకు అంటిస్తే కాళ్లకు కాపలా ఎవరు? డెంగీ దోమ కుట్టేది పగటిపూట, ఎక్కువగా కాళ్ల మీదే. అందుకే మళ్లీ చెబుతున్నా, స్టిక్కర్ ఒక్కటే చాలదు.

దోమల్ని దూరంగా ఉంచే డీట్ గానీ, పికారిడిన్ గానీ ఉన్న క్రీము చర్మానికి రాస్తే గంటల తరబడి రక్షణ ఉంటుంది. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర రాయకండి. రెండు నెలలు నిండని పసికందుకైతే క్రీము వద్దు, దోమతెరే.

ఇక అసలు దోమ పుట్టకుండానే చూడాలి. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. మల్లాపూర్ పారిశ్రామికవాడలో ఆరుబయట పడేసిన డ్రమ్ములు, పాత టైర్లు, ఇంట్లో కూలర్ తొట్టి దానికి చాలు. వారానికోసారి ఆ నీళ్లు పారబోసి, తొట్టి లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగండి. గుడ్లు అంటుకుని ఉండేది అక్కడే.