‘కొరియోలానస్’ నాటకంలో నాయకులు, ద్రోహులు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



షేక్‌స్పియర్ రోమన్ నాటకాలనగానే మనలో పలువురికి జూలియస్ సీజరు, అతనిని పొడిచిన బ్రూటసు జ్ఞప్తికి వస్తారు. మేము నేడు ఎన్నుకొన్నది అంతకంటె తక్కువ ప్రచారంలో ఉన్న మరొక విషాదాంత నాటకం - ‘కొరియోలానస్’. ఇందుకు కారణం ఉన్నది. ఎన్నికైన ప్రతినిధులు సామాన్యుల పేర మాట్లాడి, సామాన్యులను నడిపించి, చివరకు ఆ సామాన్యుల చేతనే వీథిలో ఈడ్వబడే నాటకం ఇటువంటిది మరొకటి మాకు కనబడలేదు.

నాటకం ఆకలితో ప్రారంభమవుతుంది. రోము వీథిలో పౌరులు కర్రలు పట్టుకొని నిలిచి ఉంటారు. ధనికుల గిడ్డంగులు నిండి ఉండగా తమకు గింజ దొరకడం లేదనీ, శాసనాలన్నీ వడ్డీ వ్యాపారులకే కొమ్ముకాస్తున్నాయనీ వారి ఆరోపణ. వారిని సముదాయించడానికి మెనీనియస్ అనే వృద్ధ కులీనుడు వచ్చి ఒక కథ చెబుతాడు. శరీరంలోని అవయవాలన్నీ పొట్టపై తిరుగుబాటు చేశాయట. పని చేసేది మేము, కూర్చుని తినేది నీవు అన్నాయట. తాను తినేదంతా తిరిగి అవయవాలకే పంచుతున్నానని పొట్ట బదులు చెప్పిందట. ఇక్కడ కూర్చున్న రైల్వే, తపాలా మిత్రులకు ఈ కథ కొత్తది కాదు. 1960లోను, 1968లోను, 1974 మే నెలలోను సమ్మెకు దిగినవారికి ఇదే కథను జాతి ప్రయోజనాల పేరుతో వినిపించారు.

రోము చరిత్రలో ఈ ఘట్టానికి మూలమున్నది. క్రీ.పూ. 494లో అప్పుల బాధ భరించలేక ప్లెబియన్లు, అనగా సామాన్య పౌరులు, నగరం విడిచి సమీపంలోని పవిత్ర కొండపైకి తరలిపోయారని చరిత్రకారుడు లివీ వ్రాశాడు. దానిని సమ్మె అనక మరేమనాలి? ఆ నిరసన ఫలితంగానే ట్రిబ్యూన్ పదవి పుట్టింది. సామాన్యుల పక్షాన నిలిచి, వారిపై జరిగే అన్యాయాన్ని అడ్డుకొనే హక్కు గల ప్రతినిధి ట్రిబ్యూన్. షేక్‌స్పియర్ ప్లూటార్క్ గ్రంథం నుండి కథను గ్రహించి, తన నాటకంలో అప్పుల కంటె తిండిగింజలకే ప్రాధాన్యమిచ్చాడు. నాటక రచన సుమారు 1608 నాటిదని పండితుల అభిప్రాయం. దానికి ముందు సంవత్సరమే, 1607లో, ఉమ్మడి భూములకు కంచెలు వేయడంపై ఇంగ్లండు మధ్య మండలాలలో రైతులు తిరగబడ్డారు. షేక్‌స్పియర్ సొంత జిల్లా వార్విక్‌షైర్ అందులో ఒకటి. ఇంకొక మాట. 1598లో ధాన్యం కొరత కాలంలో స్ట్రాట్‌ఫర్డ్‌లో నిల్వలను లెక్కించినపుడు ఈ మహాకవి ఇంట పది క్వార్టర్ల మాల్టు ఉన్నట్లు నమోదయింది. గిడ్డంగుల సంగతి ఆయనకు రెండు వైపులనుండీ తెలుసును!

ఇక కథానాయకుడు కైయస్ మార్షియస్. పరాక్రమంలో సాటిలేనివాడు. వోల్సియన్ల నగరమైన కొరియోలైలోకి ఒంటరిగా చొచ్చుకుపోయి పోరాడి, ‘కొరియోలానస్’ బిరుదు పొందాడు. సామాన్యులంటే అతనికి పరమ అసహ్యం. అయితే అతను లంచగొండి కాడు, దోపిడి సొమ్ములో అధిక వాటా ఇవ్వజూపితే నిరాకరించాడు. ఆ యుద్ధరంగంలోనే ఒక చిన్న సంఘటన ఉన్నది. కొరియోలైలో ఒకప్పుడు తనకు ఆతిథ్యమిచ్చిన బీదవాడు బందీగా చిక్కాడనీ, అతనిని విడిపించమనీ సేనానిని కోరతాడు. సేనాని వెంటనే అంగీకరిస్తాడు. ఆ మనిషి పేరేమని అడుగుతారు. మార్షియస్‌కు గుర్తురాదు! అలసిపోయానని, ద్రాక్షసారా ఏమైనా ఉన్నదా అని అడుగుతాడు. ఆ బీదవాని ప్రస్తావన నాటకంలో మరల రాదు. కొరియోలానస్ స్వభావం గూర్చి విమర్శకులు వ్రాసిన పుటలన్నిటికంటె ఈ నాలుగు మాటలే మాకు ఎక్కువ చెప్పాయి.

కాన్సల్ పదవికి పోటీచేసే వ్యక్తి నిరాడంబర వస్త్రం ధరించి, బజారులో నిలబడి, తన గాయాలను చూపి పౌరుల సమ్మతి అడగాలి. అది ఆచారం. కొరియోలానస్‌కు అది ప్రాణసంకటం. పదవికి వెల ఎంత అని ఎగతాళిగా అడుగుతాడు. మర్యాదగా అడగడమే దాని వెల అని ఒక సామాన్య పౌరుడు బదులిస్తాడు. గాయాలు చూపకపోయినా జనం సమ్మతి ఇచ్చివేస్తారు. వారు ఉదారులు.

కథ ఇక్కడినుండి సిసీనియస్, బ్రూటస్ అనే ఇద్దరు ట్రిబ్యూన్ల చేతిలోకి వెళుతుంది. (ఈ బ్రూటస్ సీజరును పొడిచినవాడు కాడు.) వారి భయం న్యాయమైనదేనని ముందుగా చెప్పాలి. కొరియోలానస్ కాన్సల్ అయితే ట్రిబ్యూన్ పదవే మిగలదు. ఆ పదవిని మట్టిపాలు చేయాలని అతడు తన నోటితోనే అన్నాడు. పోరాడి సాధించుకొన్న హక్కును కాపాడుకోవలసిందే. కాని వారు కాపాడిన పద్ధతి చూడండి. ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొమ్మని జనానికి నూరిపోస్తారు. ట్రిబ్యూన్ల ఒత్తిడిపైనే తొలుత ఒప్పుకొన్నామని చెప్పండని కూడ నేర్పుతారు. అనగా అబద్ధాన్ని సభ్యుల నోట పెట్టి, తాము తెర వెనుక నిలుస్తారు. ఆపైన విచారణ సభ. సభ ఆరంభం కాకముందే, తెగలవారీగా సేకరించిన ఓటర్ల జాబితా సిద్ధంగా ఉన్నదా అని తమ క్రింది అధికారిని అడుగుతారు. మేము జరిమానా అంటే జరిమానా అని, మరణం అంటే మరణం అని, బహిష్కారం అంటే బహిష్కారం అని జనం అరవాలి. ఆపకుండా అరవాలి. ముద్దాయిని రెచ్చగొట్టడం ఎట్లాగో కూడ ముందే అనుకొంటారు. ద్రోహి అన్న ఒక్క మాట చాలును. అతడు మండిపడతాడు, జనం అరుస్తారు, బహిష్కారం తీర్మానమవుతుంది. 

కామ్రేడ్స్, తీర్మానం ఏకగ్రీవమే. చర్చ మాత్రం జరగలేదు. ముందే వ్రాసి తెచ్చిన తీర్మానాన్ని చప్పట్లతో ఆమోదింపజేసిన సభలు మన ఉద్యమంలో లేవని ఎవరైనా అంటే మేము నమ్మము.

దాని ఫలితం నాలుగవ అంకంలో తెలుస్తుంది. నగరం ప్రశాంతంగా ఉన్నది, వృత్తిదారులు దుకాణాలలో పాడుకొంటున్నారని ట్రిబ్యూన్లు సంతోషిస్తూ ఉంటారు. అంతలో వోల్సియన్లు దండెత్తి వస్తున్నారని ఒక బానిస చెప్పాడన్న వార్త వస్తుంది. వారి మొదటి ఉత్తర్వు ఏమిటి? ఆ వార్త మోసినవానిని కొరడాలతో కొట్టించండి! ఎక్కడ విన్నాడో ముందు కనుక్కోండి, మీకు సమాచారమిచ్చినవానినే కొడతారేమో అని హెచ్చరించినవాడు ఆ కులీనుడు మెనీనియస్. మన పక్షం మాట్లాడవలసిన మాట ఎదుటి పక్షం నోటినుండి వెలువడింది. వార్త నిజమని తేలగానే జనం వరుస మారుతుంది. బహిష్కారానికి ఒప్పుకొన్నాము గాని అది మా మనసుకు విరుద్ధమే అంటారు. విమర్శకులు దీనిని మూక చంచలత్వమంటారు. మేము ఏకీభవించము. తాము ఆలోచించి చేయని నిర్ణయానికి ఎవరు బాధ్యత వహిస్తారు? చివరకు బ్రూటస్‌ను పట్టి ఈడుస్తున్నది ఆ జనమే.

కొరియోలానస్ చేసిన ద్రోహం బహిరంగమైనది. పగతో శత్రువు ఆఫిడియస్ పంచ చేరి, తాను రక్షించిన నగరంపైకే సైన్యాన్ని నడిపించాడు. పాత సేనానిని, తండ్రివంటి మెనీనియస్‌ను త్రిప్పిపంపాడు. తల్లి వొలమ్నియా వచ్చి మోకరిల్లినపుడు మాత్రం కరిగిపోయాడు. కర్ణుని వద్దకు వచ్చిన కుంతి మనకు గుర్తురాక మానదు. కాని కర్ణుడు పక్షం వీడలేదు. కొరియోలానస్ సంధి చేసుకొని రెండవ పక్షానికి కూడ ద్రోహి అయినాడు, ఆఫిడియస్ మనుషుల చేతిలో చచ్చాడు.

ఈ నాటకాన్ని ఎవరికి వారు తమ వైపు లాగుకొన్నారు. 1934లో పారిస్‌లో కొమెడీ ఫ్రాన్సేజ్ ప్రదర్శించినపుడు, పార్లమెంటరీ ప్రభుత్వాన్ని ద్వేషించే మితవాదులు జనాన్ని తిట్టే సంభాషణలకు చప్పట్లు కొట్టారు. బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1950ల ఆరంభంలో దీనిని తిరగవ్రాయసాగాడు. అతని ట్రిబ్యూన్లు వివేకవంతులు, అతని జనం ఆయుధం పట్టి నగరాన్ని కాపాడుకొంటారు. 1956లో అతడు మరణించేనాటికి పని పూర్తి కాలేదు. ఆ మార్పు మనకు ఇష్టమైనదే అయినా, షేక్‌స్పియర్ ట్రిబ్యూన్ల నుండి మనం నేర్చుకొనేది ఎక్కువ. గుంటర్ గ్రాస్ 1966లో మరొక నాటకం వ్రాశాడు. 1953 జూన్‌లో పెంచిన పని ప్రమాణాలపై తూర్పు బెర్లిన్ కార్మికులు సమ్మెకు దిగినపుడు, బ్రెహ్ట్‌ను పోలిన దర్శకుడొకడు ఇదే ‘కొరియోలానస్’ రిహార్సలు చేయిస్తూ ఉంటాడు. కార్మికులు వచ్చి మద్దతు ప్రకటన వ్రాసిమ్మంటారు. అతడు వారి హావభావాలను తన నాటకానికి పనికివస్తాయేమోనని పరిశీలిస్తూ కాలయాపన చేస్తాడు.

మధ్యాహ్నం చర్చలో మూడవ అంకంలోని విచారణ దృశ్యాన్ని కలసి చదువుదాము. ట్రిబ్యూన్ల భాగాలను బ్రాంచి కార్యదర్శులే చదవాలని మా కోరిక. మిగిలినవారు పౌరులు. అరుపుల దగ్గరకు వచ్చినపుడు, అరవదలచనివారు అరవకుండా కూర్చోవచ్చును. కారణమేమిటో వారిని తప్పక అడుగుదాము.